తారీకు తెలిసిన స్టీరింగ్

మా క్వార్టర్ల వరుసలో ఉండే ఒకాయన కారుకు పంచాంగం తెలుసు. సింగరేణి లాభాల వాటాకు బ్యాంకు అప్పు కలిపి కొన్న బండి, మూడేండ్లు కిక్కురుమనకుండా తిరిగింది. వారంటీ ముగిసిన తొమ్మిదో రోజు పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోతుంటే గోదావరిఖని చౌరస్తాలో స్టీరింగ్ బిగుసుకుపోయింది. తిరిగింది 31 వేల కిలోమీటర్లే. మర్నాడే పోతే జనానికి అనుమానం వస్తుందని వారం రోజులు ఆగినట్టుంది, మర్యాదస్తురాలు.

బండిని కరీంనగర్ వర్క్‌షాప్‌కు మోయించుకుపోతే అక్కడి పిల్లగాడు కంప్యూటర్లో చూసి తేల్చేశాడు.

"తొమ్మిది రోజులు లేటైందన్నా. మోటరు పోయింది. మొత్తం సెట్టు మార్చాలె, డెబ్బై రెండు వేలైతది."

"మూడేండ్లకే మోటరెట్ల పోతది తమ్మీ?"

"మీ దిక్కు బొగ్గు దుమ్ము ఎక్కువ గదన్నా!"

టీవీ ప్రకటనలో ఇలాంటి కార్లే ఎడారి ఇసుకను ఎగజిమ్ముతాయి, వాగులు దాటుతాయి, కొండకొమ్మున నిలబడి ఫొటో దిగుతాయి. అక్కడి దుమ్ము సాహసం. మా ఓపెన్‌కాస్ట్ గని రోడ్డు దుమ్ము మాత్రం కొన్నవాడి నేరం. ఇల్లందు దగ్గర బొగ్గు బయటపడింది 1871లో. నూటయాభై ఏండ్లు దాటినా ఆ కబురు కార్ల కంపెనీకి అందలేదనుకుందాం. మరి లాభాల వాటా పడే రోజుల్లో ఇక్కడే టెంటు వేసి, బెలూన్లు కట్టి అమ్మినప్పుడు ఆ బెలూన్ల మీద పేరుకున్నదేమిటి? విభూతా?

ఈ లెక్కను ఒకసారి బాయిలోకి దించి చూద్దాం. భూగర్భ గనిలో కప్పును రూఫ్ బోల్టులు పట్టి ఉంచుతాయి. మైనింగ్ సర్దార్ దాన్ని కర్రతో తట్టి చూసి, డొల్ల చప్పుడు వస్తే మనుషులను వెనక్కి పిలుస్తాడు. బండ పడి ఎవరికైనా ఏమైనా అయితే గనుల భద్రతా అధికారులు దిగుతారు. అప్పుడు మేనేజరు "బోల్టు వారంటీ మొన్ననే అయిపోయింది సార్" అని టోపీ దులుపుకొని ఇంటికి పోగలడా? గనుల భద్రతా చట్టం ఆయన్ను గేటు దాటనిస్తుందా?

కార్లకు చట్టం లేదా అంటే, ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు ఏకంగా ఒక అధ్యాయమే పెట్టారు. తయారీలో లోపమున్నా, డిజైన్‌లో లోపమున్నా తయారీదారే పూచీ. సంబరపడేలోపు నిర్వచనాల పేజీ కంటపడింది. ఆ అధ్యాయం లెక్కలో "హాని" అంటే ప్రాణానికో, ఒంటికో, వేరే ఆస్తికో జరిగింది. ఆ వస్తువుకే జరిగిన నష్టం హాని కాదు. అంటే చౌరస్తాలో స్టీరింగ్ ఊరికే బిగుసుకుంటే చాలదు, కాలో చెయ్యో విరగాలి. మావాడు టైముకు బ్రేకు తొక్కి కేసు చెడగొట్టుకున్నాడు.

మిగిలిన దారి, సరుకులో లోపముందని రెండేండ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవడం. అక్కడ అది తయారీ లోపమేనని నిపుణుడి చేత చెప్పించమంటారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ కారు కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొనుగోలుదారు పక్షాన నిలిచింది. ఏ వేగానికి ఎంత దెబ్బ తగులుతుందో లెక్కగట్టడానికి వినియోగదారుడేమీ భౌతికశాస్త్ర నిపుణుడు కాదని చెప్పింది. మంచి మాట. కానీ డ్యూటీ మాని, మస్టర్ పోగొట్టుకొని ఢిల్లీ దాకా ఎవడు పోతాడు?

వారంటీ దాటితే తమ చేతిలో ఏమీ లేదనే కంపెనీలకు చేతులు ఉన్నట్టుండి మొలవడమూ చూశాం. 2021 సెప్టెంబరులో మారుతీ 1,81,754 పెట్రోలు కార్లను వెనక్కి పిలిచింది. వాటిలో 2018 మేలో తయారైనవీ ఉన్నాయి. మోటర్ జనరేటర్ యూనిట్‌లో తేడా ఉంటే ఉచితంగా మారుస్తామంది. దుమ్ము ప్రస్తావన రాలేదు. ప్రభుత్వం కూడా 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చిన రీకాల్ నిబంధనల్లో ఏడేండ్లలోపు బండ్లను లెక్కలోకి తీసుకుంది. ఏడేండ్ల దాకా తయారీ లోపం బయటపడవచ్చని సర్కారుకు తోచింది. కంపెనీ కాగితంలో మాత్రం లోపాలన్నీ మూడో పుట్టినరోజుకే చచ్చిపోతాయి.

పోనీ, మన చౌరస్తా మెకానిక్‌కు చూపిద్దామా? వారంటీ ఉన్నన్నాళ్లు బయటివాడు బానెట్ ఎత్తితే మైల పడ్డట్టే. అది ముగిశాక ఎత్తనిస్తారు గానీ, స్పేరు దొరకదు. విడిభాగాలు బయటి మార్కెట్‌కు రానివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. వెంటనే అప్పీళ్లు మొదలయ్యాయి. స్టీరింగులు బిగుసుకుపోతాయి గానీ అప్పీళ్లు బిగుసుకోవు.

చివరికి డెబ్బై రెండు వేలూ కట్టి బండి తెచ్చుకున్నాడు. కొత్త మోటరుకు ఎన్నాళ్ల పూచీ అని అడగడానికి నోరు రాలేదట. నాలుగో రోజు కంపెనీ నుంచి ఫోను. మా సర్వీసుకు పదికి ఎన్ని మార్కులిస్తారు సార్ అని. తొమ్మిదిచ్చినా తన ఇన్సెంటివ్ కోస్తారని ఆ వర్క్‌షాప్ పిల్లగాడు ముందే చెప్పి బతిమాలాడట.

మావాడు పదికి పదీ ఇచ్చాడు. కంపెనీకి ఎన్ని ఇస్తావని ఆ ఫోనులో ఎవరూ అడగలేదు.