ఇసుకేస్తే రాలని లెక్కలు

కిషన్‌బాగ్ నుంచి బహదూర్‌పురా వైపు పోయే దారిలో, సభ అయిన మర్నాడు కట్టే ఫ్లెక్సీలను ఆగి చూడాలి. సగానికి పైగా నాయకుడి మొహం, అడుగున ముద్దగా జనం. ఆ మధ్య ఒకదాని ముందు నిలబడి తలలు లెక్కపెట్టబోతే, ఎడమవైపు పూల గొడుగు పట్టుకున్న పెద్దాయనే మధ్యలోనూ, కుడివైపు చివర్లోనూ కనిపించాడు. ఒక్కడే మూడుచోట్ల హాజరు! అంతటి శ్రోత దొరకడం ఏ పార్టీకైనా అదృష్టమే.

ఈ విద్యలో అమెరికావాళ్లు మొదట్లో బాగా వెనకబడి ఉన్నారు. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో లింకన్ ప్రసంగించిన రోజు తీసిన ఒక జనం ఫొటోలో లింకన్ కూడా ఉన్నాడన్న సంగతి 1952లో గానీ బయటపడలేదు. అధ్యక్షుణ్ణి జనంలో కలిపేసిన ఆ ఫొటోగ్రాఫర్‌ మన దగ్గర పనిచేస్తే సాయంత్రానికల్లా ఇంటికి పంపేవారు.

తర్వాత వాళ్లూ దారికొచ్చారు. 1995 అక్టోబరు 16న వాషింగ్టన్‌లో మిలియన్ మ్యాన్ మార్చ్ జరిగితే పార్కు పోలీసులు 4 లక్షలన్నారు. పేరులోనే 10 లక్షలు పెట్టుకున్న నిర్వాహకులు కోర్టుకెక్కుతామన్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫొటోలు ముందేసుకుని 8 లక్షలు దాటించారు. అక్కడి కాంగ్రెస్ తీర్పు చూడండి: ఇకమీదట తలలు లెక్కపెట్టడానికి పైసా ఇచ్చేది లేదు. గొడవే లేదు! 2017లో ట్రంప్ ప్రమాణస్వీకారం ఫొటోను 2009 నాటి ఒబామా ఫొటో పక్కన పెడితే ఖాళీ జాగా కొట్టొచ్చినట్టు కనిపించింది. మర్నాడే ఆయన ప్రెస్ సెక్రటరీ, చరిత్రలో ఇంతమంది చూసిన ప్రమాణస్వీకారం లేదని తేల్చేశాడు. మన గల్లీ కార్యకర్త వింటే భుజం తట్టేవాడు.

లెక్క తెలియక కాదు. బర్క్‌లీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ 1960లలోనే సభల ఫొటోల మీద గళ్లు గీసి జనాన్ని లెక్కగట్టాడు. వదులుగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దగ్గరగా అయితే 4.5, ఊపిరాడనంతగా అయితే 2.5. ఇప్పుడు మన దగ్గరికి రండి. 2018 సెప్టెంబరు 2న కొంగర కలాన్‌లో జరిగిన అప్పటి అధికార పార్టీ ప్రగతి నివేదన సభకు 25 లక్షల మంది అని ముందే చాటారు. 4.5 చొప్పున వేస్తే నిలబడడానికే 258 ఎకరాలు. నేలకేం, దొరుకుతుంది. రావడం ఎట్లా? బస్సుకు 50 మంది చొప్పున 50 వేల బస్సులు. ఆర్టీసీకి అప్పుడున్నవి పదివేలు, కాస్త అటూ ఇటూ. 12 మీటర్ల బస్సులను వరసగా నిలిపితే 600 కిలోమీటర్లు. మొదటిది కొంగర కలాన్‌లో ఉంటే చివరిది బెంగళూరు అవతల. సగంమంది ట్రాక్టర్లలో, కార్లలో వచ్చారనుకున్నా వరస కర్నూలు దాటుతుంది.

సభకు జనం రాలేదని కాదు, చాలామందే వచ్చారు. ఆ చాలామంది చాలకపోవడమే జబ్బు. మిగతా పార్టీలు నవ్వక్కర్లేదు, వాళ్ల లక్షలకూ ఇదే టేపు. ‘ఇసుకేస్తే రాలనంత జనం’ అని రాసేసి చేతులు దులుపుకునే మా పత్రికలవాళ్లకూ ఇదే. ఇసుక వేసి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.

అసలు లెక్క కిషన్‌బాగ్‌లో ఒక టెంట్‌హౌస్ చిట్టాలో ఉంది. అద్దె కుర్చీకి ఇంత అని కదా, బండి ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి లెక్కపెడతారు. విరిగినవి వేరే రాస్తారు. మొన్న నేను అక్కడ ఉండగానే, ముందురోజు సభ పెట్టించిన అన్న బిల్లు కోసం వచ్చాడు. ఫోన్లో ‘పోటెత్తిన వేలాది జనం’ అని స్టేటస్ ఇంకా మెరుస్తోంది.

“గిదేంది భాయ్, ఐదొందల కుర్చీలకు బిల్లేసినవ్? వచ్చిందే రెండొందల మంది. సగానికి ఎక్కువ ఖాళీగనే ఉండె. రెండొందలకే ఇస్త.”

టెంట్‌హౌస్ భాయ్ చిట్టా మీంచి తల ఎత్తలేదు. “స్టేటస్‌ల వేలమంది ఉన్నరు గదన్నా. నిలబడ్డోళ్లకు పైసలు నేనేమన్న అడుగుతున్ననా?”