చంటిపిల్లతో, కుక్కతో గోల్కొండ ఎక్కేవారికి కొన్ని సలహాలు

మే నెలలో, మిట్టమధ్యాహ్నం బయల్దేరండి. పొద్దున్నే వెళితే నీడ దొరుకుతుంది, బండలు చల్లగా ఉంటాయి, పిల్ల నవ్వుతూ ఆడుకుంటుంది. అలాంటి ప్రయాణం గురించి పక్కింటివాళ్లకి చెప్పుకోవడానికేం మిగులుతుంది?

కుక్కని లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోవద్దు. కనుక్కుంటే గేటు దగ్గర అరగంట వాదించే భాగ్యం పోతుంది. వాదనకి కావలసిన సరుకు చరిత్రలోనే ఉంది. 1687లో ఓ రాత్రి మొగలు సైనికులు నిచ్చెనలేసుకుని ఈ కోటగోడ ఎక్కుతుంటే, మొరిగి కావలివాళ్లని లేపింది ఒక కుక్క. మెచ్చి గోల్కొండ నవాబు తానీషా దానికి బంగారు గొలుసు వేయించాడని చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిపెట్టాడు. రామదాసుని చెరసాల్లో పడేసిన తానీషాయే! ఖజానా సొమ్ముతో గుడి కట్టినవాడికి సంకెళ్లు, రాత్రి మొరిగినదానికి బంగారు గొలుసు. ఇదంతా కాపలా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విని, "కుక్కకి పర్మిషన్ లేదమ్మా" అన్నాడు.

మా ఆయన, టైగర్ బయట చెట్టు కింద ఉండిపోయారు. మీకూ ఇలాగే జరిగితే నీళ్ల సీసా, డైపర్లు, పిల్ల టోపీ ఉన్న సంచిని ఆయన భుజానే వదిలేసి వెళ్లండి.

లోపలికి వెళ్లగానే ముఖద్వారం గుమ్మటం కింద ఆగి పిల్లని నిద్రపుచ్చండి. ఇంతకంటే మంచి చోటు కోటంతా వెతికినా దొరకదు. ఇక్కడ చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండమీది బాలాహిస్సార్‌లో వినబడుతుంది. శత్రువొస్తే పైవాళ్లకి కబురందాలని చేసిన ఏర్పాటు. అంచేత నిమిషానికో గైడు వచ్చి ఫెళ్లుమని చప్పట్లు కొడతాడు. మా పాప రెండో చప్పుడుకి కళ్లు తెరిచింది, మూడోదానికి అందుకుంది రాగం.

స్ట్రోలర్ మాత్రం మరవకండి. పైదాకా 360కి పైగా మెట్లు, ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు. ఒక చంకలో చక్రాల బండి, ఇంకో చంకలో దాంట్లో కూర్చోవలసిన మనిషి. ఎదురొచ్చేవాళ్లు దారివ్వడమే కాదు, కొందరు జాలిపడి ఫొటో కూడా తీస్తారు.

పైన మహంకాళి గుడి దగ్గర చతికిలబడ్డాను. ఒక పెద్దావిడ పిల్లని తేరిపార చూసి, "ఇందాక కింద ఏడ్చింది ఈ బుజ్జిదేనా అమ్మా?" అంది. కుతుబ్‌షాహీల మేస్త్రీలకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అంత పకడ్బందీగా కట్టుకున్న కోట. ఎనిమిది నెలలు, అంటే సరిగ్గా మా పాప వయసంత కాలం, ఔరంగజేబు బయట కాచుకుని కూర్చున్నా లొంగలేదు. చివరికి లోపలి సర్దారొకడు లంచం తిని తలుపు తీశాడు. ఆ రాత్రి మన కుక్కగారు ఎటుపోయారో!

చెమటలు కక్కుతూ కిందికి దిగేసరికి మా ఆయన సంచి తలకింద పెట్టుకుని గుర్రు పెడుతున్నారు. టైగర్ కాపలా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఆయన డబ్బాలోని రొట్టె తింటోంది. నన్ను చూసి తోకైనా ఊపలేదు.