గ్యాస్ కట్టేశామా?

కంగారు అంటే జరగని నష్టానికి ముందుగా కట్టే అడ్వాన్సు. నష్టం జరక్కపోయినా ఆ అడ్వాన్సు వాపసు రాదు. తెలుగులో దీనికి చుట్టాలు చాలామంది. గుబులు గుండెలో తిష్ఠ వేస్తుంది. దిగులు మనిషిని అరుగు మీద కూలేస్తుంది. బెంగ ఒంట్లో కండ కరిగిస్తుంది, అమ్మమ్మగారి ఊరి నుంచి తిరిగొచ్చిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆదుర్దా గుమ్మానికీ గేటుకూ మధ్య తిప్పుతుంది. ఉర్దూ నుంచి వచ్చి ఇంటిమనిషిలా కలిసిపోయిన హైరానా మాత్రం పడేవాడితో ఆగదు. చుట్టూ ఉన్న నలుగురినీ పరిగెత్తిస్తుంది.

కంగారు పుట్టుక మెదడులో. బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్దలా అనే భాగం (గ్రీకులో ఆ మాటకు బాదం అనే అర్థం) ప్రమాదం వాసన పట్టగానే కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పు, అన్నీ దాని చలవే. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని అమెరికన్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో రాశాడు. పులి ఎదురైతే ఇది చక్కటి ఏర్పాటే. రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టు 14లో ఉన్నప్పుడు మాత్రం ఎవరితో పోరాడాలో తెలియదు. పారిపోదామంటే టికెట్టే ఖరారు కాలేదు.

కంగారును అన్ని దశల్లోనూ పరిశీలించాలంటే ప్రయాణాన్ని మించిన సందర్భం లేదు. విజయవాడ నుంచి విశాఖకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే ఓ కంగారు మనిషిని తీసుకుందాం. తెల్లవారితే బండి. ఆయన రాత్రి మూడు అలారాలు పెట్టుకుంటాడు. మోగుతాయో లేదోనన్న చింతతో తెల్లవార్లూ మేలుకుంటాడు కాబట్టి మూడింటినీ తనే స్వయంగా ఆపుతాడు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగోసారి లాగబోతుంటే భార్య చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కిస్తుంది. ఆటో వీధి మలుపు తిరగ్గానే చరిత్రాత్మకమైన ఆ ప్రశ్న పుడుతుంది: “గ్యాస్ కట్టేశామా?”

“కట్టాను.”

“చూసి కట్టావా, చూడకుండా కట్టావా?”

దీనికి ఏ ఇల్లాలి దగ్గరా జవాబుండదు. స్టేషన్‌కు రెండు గంటల ముందే చేరతారు. బోర్డు మీద ప్లాట్‌ఫారం నంబరు ఎర్రటి అక్షరాల్లో కనిపిస్తున్నా, కూలీనీ టీ అమ్మేవాణ్నీ అడిగి రూఢి చేసుకుంటాడు. ఆందోళన తగ్గడానికని రెండు కాఫీలు తాగుతాడు. కాఫీలోని కెఫీన్ గుండె దడను పెంచుతుంది. దాన్ని తగ్గించడానికి మూడో కాఫీ అవసరమవుతుంది. ఏలూరులో నీళ్ల సీసా కోసం కొడుకు బండి దిగితే, వాడు తిరిగి ఎక్కేదాకా ఆయన ఊపిరి ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడు ఎంచడం పూర్తయ్యేసరికే ఊరు వచ్చేస్తుంది, మేలు ఎంచే తీరిక ఎవరికీ చిక్కలేదు. కానీ ఎంచిన కీడుల లెక్క తీసినవాళ్లు ఉన్నారు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆందోళన వ్యాధి ఉన్న 29 మంది చేత వాళ్ల భయాలను పది రోజులపాటు రాయించి, ఎన్ని నిజమయ్యాయో తర్వాత సరిచూశారు. 2020లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం 91 శాతం భయాలు నిజం కాలేదు. కంగారు మనిషికి ఈ సంగతి చెబితే ఊరట పడడు, మిగతా తొమ్మిది శాతం ఏమిటని అడుగుతాడు.

ఆందోళనకు రోజూ ఒకే చోట, ఒకే వేళలో అరగంట కేటాయించి, మిగతా వేళల్లో తలెత్తేవాటిని ఆ అరగంటకు వాయిదా వేయడం కంగారును అదుపులో పెట్టే ఒక పద్ధతి. ఇది 1980ల నుంచి మనస్తత్వ నిపుణుల వాడుకలో ఉంది. సాయంత్రం ఆరింటికి కుర్చీ వేసుకుని కూర్చునేసరికి ఉదయం పుట్టిన చింతల్లో సగం గుర్తుకే రావు. ఏదో ముఖ్యమైనది మర్చిపోయానన్న కొత్త చింత మాత్రం ఠంచనుగా హాజరవుతుంది.

మాటసాయం విషయానికొస్తే, తెలుగువాళ్ల దగ్గర ఉన్న ప్రధాన ఔషధం “ఏం కాదులే”. అనేవాడి దగ్గర ఒక్క ఆధారమూ ఉండదు. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే అందులో మందు మాటలో లేదు, పక్కన ఒక మనిషి ఉండటంలో ఉంది. “అంత కంగారెందుకు?” అన్నది నాసిరకం మందు, ఉన్న కంగారుకు తోడు తనకు కంగారెందుకన్న రెండో కంగారును అంటగడుతుంది. “మా తోడల్లుడికీ ఇలాగే మొదలైంది” అన్న వాక్యాన్ని చట్టం చేసి నిషేధించాలి.

రత్నాచల్‌లో ఆ ఔషధం స్టీలు డబ్బాలో వస్తుంది. ఎదురు సీటు ఆవిడ మూత తీసి పులిహోర పెడుతుంది. “అన్నయ్యగారూ, ముందిది తినండి. బండిని డ్రైవరు నడుపుతున్నాడుగా, మీరు మోయక్కర్లేదు” అంటుంది. చింతపండు పులుపు, ఇంగువ వాసన, పంటి కింద వేరుశెనగ గుళ్లు. నోరు నిండా పులిహోర ఉన్నప్పుడు కీడెంచడం కష్టం. కొవ్వూరు దాటగానే గోదావరి వస్తుంది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన అయినా, పక్కనున్న కొత్త కమానుల వంతెన అయినా, బోగీ అంతా కిటికీల వైపు తిరుగుతుంది. కొందరు దణ్ణం పెట్టి రూపాయి బిళ్లలు విసురుతారు. అవతలి ఒడ్డు కనబడేదాకా ఎవరూ ఫోన్ చూడరు. అప్పుడు తెలియకుండానే పొడవాటి నిట్టూర్పు వస్తుంది. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. వైద్యులు నేర్పే శ్వాస అభ్యాసాల కిటుకు చాలావరకు ఇదే. గోదావరి దాన్ని ఫీజు లేకుండా చేయిస్తుంది.

పులిహోరకూ గోదావరికీ లొంగని ఆందోళన కూడా ఉంది. ఆరు నెలలుగా దాదాపు రోజూ వేధిస్తూ, నిద్రనూ పనినీ చెడగొడుతుంటే అది స్వభావం కాదు, జబ్బు. దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. బీపీ మాత్ర వేసుకునేవాణ్ని ఎవరూ పిరికివాడనరు, దీనికీ అదే మర్యాద దక్కాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక తుని దాటాక విజయవాడ నుంచి ఫోన్ వస్తుంది. రెండో తాళంచెవి ఉన్న ఎదురింటి పిన్నిగారు వెళ్లి చూసి వచ్చారు. “గ్యాస్ కట్టే ఉంది నాయనా. పాలగిన్నె గట్టు మీద మర్చిపోయారు. మేం కాఫీ పెట్టుకుని తాగేశాం.”