గడప ముందు సర్వే సారు

ఇంటింటి సర్వేకు కొత్తగా ఎంపికైన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా అభినందనలు. మెడలో గుర్తింపు కార్డు పడింది. చేతికి ట్యాబో, ఫారాల కట్టో వచ్చింది. ఏ గడిలో ఏ అంకె వేయాలో, ఏ ప్రశ్న మీదినుంచి ఏ ప్రశ్నకు దూకాలో శిక్షణలో చెప్పారు. తలుపు తీసిన మనిషితో మొదటి రెండు నిమిషాలు ఏం మాట్లాడాలన్న సంగతి వచ్చేసరికి మాత్రం 'అది మీకు తెలియందేముంది' అని అందరూ చాయ్‌కి లేచారు. ఆ లోటు తీర్చడానికే ఈ గైడు. ఇందులో చెప్పినట్టు నడుచుకుంటే ఏ ఇంట్లోనైనా గడులన్నీ నిండుతాయి. నిండినదాంట్లో నిజమెంత అన్నది మీ డ్యూటీ కాదు.

ఉదాహరణకు చెల్పూర్‌కు పోదాం. జయశంకర్ భూపాలపల్లి జిల్లా, గణపురం మండలం. ఊరికి గుర్తు కాకతీయ థర్మల్ ప్లాంటు: మొదటి దశ 500 మెగావాట్లు, రెండో దశ 600. చిమ్నీలు దూరం నుంచే కనబడతాయి కాబట్టి దారి తప్పే భయం లేదు. తప్పాలనుకుంటే వేరే మార్గాలున్నాయి. మొదటి సూత్రం దాని గురించే.

1. ఊరి గురించి ఏమీ తెలుసుకోకుండా వెళ్లండి

హుజూరాబాద్ దగ్గర కూడా ఒక చెల్పూర్ ఉంది. లిస్టు ఏ చెల్పూర్‌దో బస్సెక్కాక చూసుకోవచ్చు. మన గణపురం మండలం పేరు కాగితాల మీద 'ఘన్‌పూర్ (ములుగు)' అని ఉంటుంది. జనగామ వైపు స్టేషన్ ఘన్‌పూర్ ఉంది కనుక తేడా తెలియడానికి ఆ బ్రాకెట్టు. 2019లో ములుగు విడిగా జిల్లా అయిపోయింది, బ్రాకెట్టు మాత్రం ఇక్కడే మిగిలిపోయింది. 2016 అక్టోబర్‌కు ముందు ఈ ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. అంటే ఒక ముసలాయన అరుగు మీంచి లేవకుండానే జిల్లా మారాడు. మీరు వెళ్లగానే ఆయన్ను "జిల్లా ఏది?" అని అడగండి. "నన్నడుగుతవేంది సార్, మార్చింది మీరే గద" అంటాడు. పరిచయానికి ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

2. పగలు పదకొండింటికి తలుపు కొట్టండి

నవంబర్ నెలయితే మరీ మంచిది. పత్తి ఏరబోయినవాళ్లు పొద్దుగూకితే గానీ రారు. వరి కోతలూ అప్పుడే. ఇంట్లో ఉండేది కోళ్లు, పిల్లలు, ఒక ముసలమ్మ, ప్లాంటులోనో సింగరేణి గనిలోనో రాత్రి షిఫ్టు చేసొచ్చి అప్పుడే కన్నుమూసిన ఒక మనిషి. గొళ్లెం గట్టిగా ఆడించి ఆ చివరి మనిషినే లేపండి. కళ్లు నలుపుకుంటూ లేచినవాడు ప్రతి ప్రశ్నకూ "ఆఁ, అంతే, రాస్కో" అంటాడు. ఇంత వేగంగా పూర్తయ్యే ఫారం మరొకటి ఉండదు. పొద్దున ఏడింటికి ముందో, దీపాలు పెట్టాకో వెళ్తే ఇంటిల్లిపాదీ దొరుకుతారు. కానీ మీ బస్సు పోతుంది. బస్సు ముఖ్యం.

3. 'సర్వే' అన్న మాటతోనే మొదలుపెట్టండి

"సర్వేకొచ్చినం!" అని వాకిట్లోంచే అరవండి. ఆ మాట విని లోపల ఏం కదులుతుందో మీకు అనవసరం అయినా, సరదాకు చెబుతాను.

ఒక పక్క ప్లాంటు, ఇంకో పక్క భూపాలపల్లి బొగ్గు గనులు. రెండూ భూమి మీదే నిలబడ్డాయి. భూమి పోయే ముందు ఊళ్లోకి వచ్చేది సర్వే. పాసుబుక్కులో ఉండేది సర్వే నంబరు. గెట్టు పంచాయితీ ముదిరితే గొలుసు పట్టుకొచ్చేవాడు సర్వేయరు. కాబట్టి పెద్దాయన మొదట చూసేది మీ మొహం కాదు, మీ చేతులు. గొలుసుందా, టేపుందా అని.

"ఏం సర్వే? భూమిదా?"

"కాదు కాకా, కుటుంబ సర్వే."

"కుటుంబ సర్వేల భూమి అడుగరా?"

అడుగుతారు. ఆ పేజీ ముందుంది. అయినా "అబ్బే, ఊరికే పేర్లు రాసుకుంటం" అని చెప్పండి. పది నిమిషాల తర్వాత "భూమి ఎంతుంది కాకా?" అన్నప్పుడు ఆయన మిమ్మల్ని ఒకసారి తేరిపార చూస్తాడు. ఎకరం ఇరవై గుంటలు ఆ చూపులోనే పది గుంటలవుతుంది. మిగిలిన ఎకరం పది గుంటలు ఎటు పోయిందో ఏ గణాంక శాస్త్రజ్ఞుడూ పట్టుకోలేడు.

4. వరసలు కలపకండి

వరంగల్ పల్లెలో పెద్దావిడను "అవ్వా" అంటారు. మీరు సీరియల్‌లో విన్నట్టు "బామ్మగారూ" అనండి. పక్కింటి వాళ్లు కూడా నవ్వడానికి వస్తారు. తర్వాత ఫారం పైన ఉన్నది ఉన్నట్టు, ఊపిరి తీసుకోకుండా చదవండి: "మీ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి యథార్థ వివరాలను సమర్పించగలరు." ఇది కోర్టు సమనా, బ్యాంకు నోటీసా అని ఆమె తేల్చుకునేలోపు మొదటి ప్రశ్న వేసేయండి.

వాళ్లు మాత్రం మీతో వరస కలపడానికే చూస్తారు. "మీదే ఊరు? ఇంటిపేరేంది?" అంటారు. ఇంటిపేరు అడిగారంటే కులం అడిగినట్టే. ఇంకాసేపట్లో మీరు అదే ప్రశ్న వాళ్లను సూటిగా అడగబోతున్నారు. అయినా వాళ్లు అడిగితే మాత్రం కోపం తెచ్చుకోండి. ప్రశ్నలు అడిగే హక్కు ట్యాబు ఉన్నవాళ్లకే.

5. "ఇంటి యజమాని ఉన్నాడా?" అని అడగండి

ఒక్క మాటతో మూడు తప్పులు చేయగలిగిన ప్రశ్న ఇది, వదులుకోకండి. ఫారంలో 'యజమాని' అంటే ఇంటి పెద్ద. ప్లాంటు రోడ్డు వెంట గదులు అద్దెకు తీసుకున్నవాళ్లకు యజమాని అంటే ఓనరు. "ఆయన హన్మకొండల ఉంటడు సార్, ఒకటో తారీకు వస్తడు" అంటారు. మీరు 'యజమాని వలస' అని రాసుకోవచ్చు. ఇక పెళ్లయిన ఆడమనిషి చెవికి యజమాని అంటే భర్త. "పనికి పోయిండు, పొద్దుగూకి రాండ్రి" అని తలుపు దగ్గరకు వేస్తుంది.

సంఘం కిస్తీ కట్టేది, పిల్లల ఫీజు కట్టేది, బియ్యం ఎన్నాళ్లొస్తాయో లెక్క చెప్పగలిగింది ఆమే. ఆయన్ను అడిగితే ఆమెనే పిలిచి అడుగుతాడు. అయినా "సరే అమ్మా, ఆయనొచ్చినంకనే వస్తం" అని వెనుదిరగండి. తెలిసిన మనిషిని వదిలేసి తెలియని మనిషి కోసం రెండుసార్లు తిరిగితే కదా, డైరీలో 'మూడు విజిట్లు' అని రాసుకునేది.

6. "ఏమొస్తది?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా పెట్టుకోండి

మీ మొదటి ప్రశ్నకు ముందే వాళ్ల మొదటి ప్రశ్న వస్తుంది: "రాపిచ్చుకుంటే ఏమొస్తది?" అత్యాశ అనుకోకండి. అది అనుభవం. తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడు నెలలు నిండకముందే, 2014 ఆగస్టు 19న, ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. సెలవు ఇచ్చారు. భీవండి, ముంబై పోయినవాళ్లు కూడా ఆ రోజు ఇంట్లో కనబడాలని బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి వచ్చారు. పేరు లేకపోతే రేషన్ పోతుంది, పింఛన్ పోతుంది అన్న మాట అధికారుల కంటే ముందే ఊళ్లు తిరిగింది. పదేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో, 75 ప్రశ్నలతో సమగ్ర ఇంటింటి సర్వే. ఒంటిపూట బడి చెప్పి, మధ్యాహ్నం నుంచి ఇళ్లు తిరిగిన ప్రైమరీ టీచర్లను అడగండి. "అప్పుడు రాసిన్రు గద, అది ఏమైంది?" అన్న ప్రశ్న ఎన్ని గుమ్మాల్లో విన్నారో చెబుతారు. ఆ సర్వేలో 1.12 కోట్ల కుటుంబాలు, 3.54 కోట్ల మంది లెక్కకు వచ్చారు. తప్పిపోయినవాళ్ల కోసం 2025 ఫిబ్రవరిలో మరోసారి తలుపు తెరిచారు.

కాబట్టి జవాబు కావాలి. రెండు రకాలున్నాయి, మీ స్వభావాన్ని బట్టి ఎంచుకోండి.

ఒకటి, ఆశ. "ఇల్లొస్తది, కార్డొస్తది, లోనొస్తది" అనండి. వాకిట్లో కట్టేసిన బర్రె వెంటనే మేనమామదైపోతుంది. బండి పక్కింటోళ్లది. కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లని మీ శిక్షణ పుస్తకంలో ఉంది కదా, అత్తాకోడళ్లు ఒకే చాటలో బియ్యం చెరుగుతూ "పొయ్యిలు వేరే" అంటారు. మీరు రెండు ఫారాలు నింపుతారు, రెండింటికీ కూర ఒకే గిన్నెలోంచి వస్తుంది.

రెండోది, భయం. "రాపిచ్చుకోకుంటే పింఛన్ కట్టయితది" అనండి. ఇందాక బర్రెలు మాయమయ్యాయి, ఇప్పుడు మనుషులు మాయమవుతారు. అవ్వ పింఛన్ పోతుందేమోనని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఇంట్లోంచి తొలగిపోతాడు. చేతి అప్పు, నెల జీతం, ఫోన్ నంబరు ఒకదాని వెంట ఒకటి బయటికి నడుస్తాయి.

మూడో జవాబు ఒకటుంది: "ఇది రాపిచ్చుకున్నందుకు మీకు విడిగ ఏం రాదవ్వా, రాపిచ్చుకోకుంటే ఏం పోదు. ఊళ్లె ఎంతమందున్నరు, ఎట్ల బతుకుతున్నరో తెలిస్తే బడో దవాఖానో ఎంత గావాల్నో లెక్క తెలుస్తది." మీ సర్వేకు ఇది నిజమైతే, చెప్పడానికి ఇరవై సెకన్లు పడుతుంది. అంత టైం ఎవరికుంది?

అడిగేవాణ్ని బట్టి జవాబు మారుతుందని మహలనోబిస్ అనే ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చింది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు ఆద్యుడు. బెంగాల్‌లో జనపనార పంట అంచనాల నాటి నుంచీ ఒకే ప్రాంతానికి రెండు బృందాలను విడివిడిగా పంపి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసేవాడు. తేడా వస్తే అందులో పంట తప్పెంత, అడిగినవాడి తప్పెంత అని వెతికేవాడు. అదృష్టం, మీ వెనకాల రెండో బృందం రాదు.

7. అనుమతి పేరాను పరుగు పందెంలా చదవండి

ఫారం నెత్తిన ఒక పేరా ఉంటుంది. మేమెవరం, ఎవరు పంపారు, ఎందుకు అడుగుతున్నాం, ఎంతసేపు పడుతుంది, వివరాలు ఎవరికి చూపిస్తాం, ఇష్టం లేకపోతే ఏం చేయవచ్చు. ఇది చదివితే మనిషి ఆలోచించే ప్రమాదం ఉంది. అందుకే "ఐదు నిమిషాలే అక్కా" అని నేరుగా లోపలికి వెళ్లండి. ఎసట్లో బియ్యం పోసి వచ్చిన మనిషి ఆ ఐదు నిమిషాలనూ నమ్ముతుంది. అన్నం మాడిన వాసన వచ్చాక మిగతా జవాబులన్నీ 'లేదు' అవుతాయి.

సర్వేకూ సర్వేకూ తేడా ఉందని కూడా తెలుసుకోకండి. జనగణనలో జవాబు చెప్పడం చట్టప్రకారం బాధ్యత. బదులుగా 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ఒక హామీ ఇస్తుంది: ఆ వివరాలు ఎవరూ తెరిచి చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలాంటి వాటిలో 'వద్దు' అనే హక్కు ఉంది. అనుమతి పేరా చదివి వినిపించానని సంతకం పెట్టేది కూడా అడిగేవాళ్లే. 2011 తర్వాత ఇన్నేళ్లకు, 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా, కులం లెక్కతో సహా జనగణన వస్తోంది. జనగణననూ ఆరోగ్య సర్వేలాంటివాటినీ కలిపేసి, తప్పనిసరి అయినదాన్ని "మీ ఇష్టం" అనీ, ఇష్టమైనదాన్ని "తప్పదు" అనీ చెప్పడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

8. పదిమందిలో కూర్చోండి

కుర్చీ వేశారంటే చుట్టూ వాడ మూగుతుంది. పంపేయకండి, సాయానికి పనికొస్తారు. అప్పు ఎంతని ఆమెను అడిగితే పక్కింటాయన చెబుతాడు. ఆరోగ్య సర్వేలో భర్త కొడతాడా అన్న భాగం ఉంది. దాన్ని ఇంటికి ఒక్క మహిళనే, అదీ చాటుగా కూర్చోబెట్టి అడగాలనీ, ఎవరైనా వస్తే ఆపేయాలనీ నియమం పెట్టారు. మరీ అతి కదా. అత్తగారి ముందే అడిగితే 'లేదు' అని ఒక్కమాటలో తేలిపోతుంది.

చివరి హెచ్చరిక

ఇన్ని సూత్రాలు పాటించినా ఒక ఇంట్లో మాత్రం చిక్కుబడతారు. తలుపు తీసేసరికి గడప మీద అవ్వ కూర్చుని ఉంటుంది. మీరు నోరు తెరిచేలోపే ఆమే మొదలుపెడుతుంది.

"ఎవలు బిడ్డా నువ్వు? ఏ ఊరు? ఎవలు తోలిచ్చిన్రు?"

చెబుతారు.

"గిదంత రాసుకపోయి ఏం జేస్తరు? ఎవలకు జూపెడ్తరు?"

నీళ్లు నములుతారు. ఆమె లేచి చెంబుతో మంచినీళ్లు తెచ్చిస్తుంది.

"ఎంతసేపైతది? పొయ్యి మీద కూరున్నది. నా సంగతి నన్నడుగు, జెప్త. మా కోడలు సంగతి నన్నడుగకు, అది పత్తికి పోయింది, వచ్చినంక దాన్నే అడుగు. జెప్పబుద్ధి గాకుంటే జెప్ప, మల్ల కోపం జెయ్యద్దు. ఇగ అడుగు."

శిక్షణలో ఎవరూ చెప్పని ఆ రెండు నిమిషాలు ఇవే. మీరు ఎగ్గొట్టిన పేరా మొత్తం ఆమె వరసగా అడిగేసింది. కంగారు పడకండి. నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టి, ట్యాబులో మొదటి గడి తెరవండి. 'అనుమతి తీసుకున్నారా?' అని ఉంటుంది. 'అవును' నొక్కండి. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారన్న గడి అందులో లేదు.