జేపీజీకి వెక్టర్ వేషం

కంప్యూటర్ బొమ్మలు రెండు జాతులు. బిట్‌మ్యాప్ రంగు చుక్కల పట్టిక. ఏ గడిలో ఏ రంగో తప్ప దానికింకేమీ తెలియదు. జేపీజీ, పీఎన్‌జీ, జిఫ్ ఈ జాతివి. వెక్టర్‌లో ఉండేవి లెక్కలు: గీత ఎక్కడ మొదలై, ఎటు వంగి, ఎక్కడ ఆగాలో అవి చెబుతాయి. ఎస్‌వీజీ ఈ జాతిది. ఏ గ్రంథంలోనూ లేని మూడో జాతి ఫ్లెక్సీ షాపుల్లో దొరుకుతుంది. దాని పేరు ‘వెక్టర్ చేసిన జేపీజీ’.

అలాంటి షాపులకు కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లోనూ కొదవ లేదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 2003 దాకా వాల్తేరు డివిజన్ కూడా ఆ రైల్వే కిందిదే కనుక తెలుగువారికి ఇది పరాయి చోటు కాదు. ఇక్కడ ఉగాది కమిటీ అయినా, పూజా కమిటీ అయినా లోగోను పంపేది వాట్సాప్‌లోనే. 600 చుక్కల వెడల్పున్న బొమ్మను 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి దక్కేవి 5 చుక్కలు. ఒక్కో చుక్క అర సెంటీమీటరు పలక. లోగో కాస్తా గళ్లనుడికట్టులా తేలుతుంది. దానికి పెద్దలు చెప్పే మందు ‘వెక్టర్ చేసెయ్యండి’. షాపువారు ఆ జేపీజీనే కోరల్ డ్రాలో పెట్టి, సీడీఆర్‌గా సేవ్ చేసి ఇస్తారు. ఫైలు తోక మారింది, చుక్కలు అవే.

ఇంకాస్త ఆరితేరినవారు ఆటో ట్రేస్ నొక్కుతారు. సాఫ్ట్‌వేర్ మెట్లుమెట్లుగా ఉన్న అంచుల్ని కూడా భక్తిగా అనుసరించి, నాలుగు బిందువులతో తేలే గుండ్రానికి వందల బిందువులు తగిలిస్తుంది. మరక నిజంగానే వెక్టర్ అవుతుంది. ఇక ఎంత పెంచినా ఆ మరక చెక్కుచెదరదు.

గీత విలువ ఈ పేటకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. 1884లో వర్క్‌షాపుగా మొదలై, 1961లో ఐఎన్ఎస్ అజయ్‌ను నౌకాదళానికి అందించిన ఓడల కర్మాగారం ఇక్కడిదే. కంప్యూటర్లు రాకముందు ఓడలు కట్టేవారు సన్నటి చెక్కబద్దను బరువులతో వంచి నిలిపి, ఓడ వంపును అసలు కొలతలో నేలమీద గీసేవారు. 1960 ప్రాంతంలో సిట్రోయెన్‌లో కాస్టెల్‌జో, రెనోలో బెజియే కార్ల కోసం అలాంటి వంపుల్ని లెక్కల్లోకి దించారు. నేటి వెక్టర్ గీతలకు ఆ లెక్కలే ఆధారం. ఓడ ఫొటోను సాగదీసి ఓడ కట్టిన మేస్త్రీ మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

పక్కనున్న మెటియాబ్రుజ్ రెడీమేడ్ దుస్తులకు పేరు. అక్కడి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌కు ఫొటో చూపిస్తే కుట్టదు. సూది ఎటు నడవాలో చెప్పే ఫైలు కావాలి. ఫ్లెక్సీ ప్రింటరుకు అంత పట్టింపు లేదు, ఏమిచ్చినా అచ్చేస్తుంది.

వెక్టర్ సర్వరోగ నివారిణి కూడా కాదు. ముఖంలో, మేఘంలో రంగు చుక్కచుక్కకూ మారుతుంది. అక్కడ బిట్‌మ్యాపే సరి, సరిపడా చుక్కలుంటే చాలు. అక్షరాలు, లోగోలు, పటాలు వెక్టర్‌లో ఉండాలి. చెడిన లోగోను తెలిసినవారి చేత మళ్లీ గీయించి, ఆ ఫైలు దాచుకోవాలి. కమిటీలు దాచేది ఫ్లెక్సీ ముందు దిగిన గ్రూప్ ఫొటోను. వచ్చే ఏడాది లోగోను అందులోంచే కత్తిరిస్తారు.