పదియడుగుల స్వర్గము

1891వ సంవత్సరమున అమెరికాదేశమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో వ్యాయామోపాధ్యాయుడైన జేమ్సు నైస్మిత్ మహాశయుడు పండ్లబుట్టలు రెంటిని వ్యాయామశాల బాల్కనీ కటకటాలకు కొట్టించినపుడు, ఆ కటకటాలు పదియడుగుల యెత్తున నుండుటచేత బుట్టలును అచ్చటనే నిలిచెను గాని, భావితరములవారి మోకాళ్లను పరీక్షింపవలెనన్న సంకల్ప మాయనకు లేశమును లేదు. నేడో, ఆ బుట్టల స్థానమున నిలిచిన బాస్కెట్‌బాల్ వలయముపైకి లంఘించి బంతిని లోనికి గ్రుద్దుటయే, అనగా డంకు కొట్టుటయే, పరమపురుషార్థముగా నెంచిన యువకులు, నేలబారున నిలిపిన సెల్‌ఫోను జానెడు దూకును నింగికెగయుటగా చూపునను దృశ్యరహస్యమును దూకుడు శక్తిని పెంపొందించు ప్లయోమెట్రిక్సు వ్యాయామ సూత్రములకంటె ముందుగా నభ్యసించుచున్నారు.

జాంబవంతు డొక్కడు పొగడినంతనే ఆంజనేయుడు సముద్రమును లంఘించెను. వీరికి వేయి లైకులు వచ్చినను అంగుళము పెరుగుట దుర్లభము! ఐదడుగుల యేడంగుళముల ఆటగాడు స్పడ్ వెబ్ 1986లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగైన ఎన్‌బీఏ వారి డంకుపోటీని గెలిచిన వృత్తాంతము మాత్రము వీరెల్లరకు కంఠస్థము. కండరము త్వరితముగ బలపడును, మోకాటిచిప్పను బట్టియుంచు స్నాయువు మిక్కిలి తీరికగా బలపడును. కావున నడుమ విశ్రాంతి యావశ్యకమని శిక్షకులు మొత్తుకొందురు. అయితే మంచముపై పరుండినవాని వీడియో నెవరు చూతురు? అందుచేత నిత్యము దూకుటయే, నిత్యము పంచుటయే, పిదప మోకాటికి మంచుగడ్డ కట్టుకొని దానినిగూడ పంచుటయే.

వలయమును రహస్యముగా నెనిమిదడుగులకు దించి దూకుచున్న మహావీరులారా, ఒక్క విన్నపము: వెనుక కనబడుచున్న యేడడుగుల తలుపును చిత్రమునుండి కత్తిరింపుడు, మీ కొలత యంతయు దానివలననే బయటపడుచున్నది.