పాటకు కుల ధ్రువీకరణ పత్రం

“చౌరస్తా వాళ్ళది రాక్ కాదన్నా, రెగ్గే” అన్నాడు ఇంజనీరింగు చదివిన కుర్రాడు.

“రెగ్గే ఏందబ్బయా, జానపదం! చెవులున్నాయా లేవా నీకు?” అన్నాడు పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే ఆయన.

రిటైరైన మాస్టారు ఇద్దరినీ జాలిగా చూసి, “దాన్ని ఫ్యూజన్ అంటారు నాయనా” అని తీర్పిచ్చేశారు.

సూళ్లూరుపేట బస్టాండు పక్క టీకొట్టులో ఈ పంచాయితీకి మూడు టీలూ, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలూ ఖర్చయ్యాయి. పాట మాత్రం ఒక్కసారి కూడా చివరిదాకా మోగలేదు. ఫోనులో పల్లవి అందుకోగానే ఎవరో ఒకరు బొటనవేలితో నొక్కి ఆపేయడం, “అదుగో, ఆ దరువు విన్నారా?” అని మళ్ళీ మొదలెట్టడం. తలుపులే లేని చెంగాళమ్మ గుడి ఉన్న ఊళ్ళో పాటకు మాత్రం ఇన్ని తలుపులు, ఇన్ని గడియలు!

ఇంతకీ నిందితులెవరంటే, హైదరాబాదులో పుట్టిన తెలుగు బ్యాండు చౌరస్తా. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల తదితరులు గిటారు పట్టుకుని ‘ఊరెళ్ళిపోతా మామ’ అని పాడితే జనం వెంటబడి విన్నారు. పత్రికలవాళ్ళు ఫోక్ రెగ్గే అని రాశారు. అక్కడినుంచి మొదలైంది గొడవ. రెగ్గే అనే జమైకా దరువు మీద తెలుగు మాటలు పెడితే ఆ బిడ్డ తండ్రి కులానికి చెందుతుందా, తల్లి కులానికి చెందుతుందా? ఇంట్లో కులాంతర వివాహమంటే పదిమందికీ తెలియకుండా సర్దుకునే పెద్దలు కూడా ఈ ప్రశ్న మాత్రం నడిబజార్లో అడుగుతున్నారు.

అందుకని నాదొక ప్రతిపాదన. ప్రభుత్వం వెంటనే సచివాలయాల్లో పాటలకూ కుల ధ్రువీకరణ పత్రాలు ఇప్పించాలి. దరఖాస్తులో పాట పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, స్వస్థలం రాయాలి. జిల్లా అన్నచోట మావాళ్ళు అలవాటుగా నెల్లూరు అని రాసి, 2022 ఏప్రిల్ 4న జిల్లా మారిందని గుర్తొచ్చి కొట్టేసి తిరుపతి అని రాస్తారు, దానికి కాస్త జాగా వదలాలి. తర్వాత వీఆర్వో విచారణకు వస్తాడు. “ఈ పాట మీ వీధిలో ఎన్నాళ్ళుగా మోగుతోంది? దీని తాతముత్తాతలు ఏ వాయిద్యం వాయించేవాళ్ళు? డ్రమ్ములతో సంబంధ బాంధవ్యాలున్నాయా?” ఇద్దరు సాక్షుల సంతకాలయ్యాక ఆర్‌ఐ రిపోర్టు, ఆపైన తహసీల్దారు ముద్ర. ముద్ర పడేదాకా పాట వినకూడదు. విని, బాగుందనుకుని, తీరా అది మనది కాదని తేలితే ఎంత నామర్దా!

నవ్వులాటకు అంటున్నాననుకుంటారేమో. ఈ పని ప్రభుత్వం ఎప్పుడో చేసింది. 1940లో హార్మోనియం పరాయిదనీ, మన గమకాలు పలకదనీ ప్రభుత్వ రేడియో దాన్ని వెలేసింది. నాటకాల్లో, హరికథల్లో, భజనల్లో ఊరూరా మోగుతున్న పెట్టె మూడు దశాబ్దాలపాటు రేడియో గుమ్మం బయటే నిలబడింది. 1952లో కేస్కర్ గారు సమాచార, ప్రసార శాఖ మంత్రయ్యాక సినిమా పాటకూ అదే గతి పట్టింది. జనమేం చేశారు? చప్పుడు చెయ్యకుండా ముల్లు సిలోన్ రేడియో మీదికి తిప్పేశారు. 1957లో వివిధ భారతి పెట్టి, బతిమాలినట్టుగా సినిమా పాటల్ని మళ్ళీ పిలవాల్సొచ్చింది.

మరి ఫిడేలు మాటేమిటి? అదీ తెల్లవాళ్ళ ఓడెక్కి వచ్చిందే. బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి, కర్ణాటక సంగీతంలోకి తెచ్చేసరికి శుద్ధి అయిపోయింది. రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి ఫిడేలు లేని కచేరీ కచేరీయే కాదన్నంత గొప్ప కులం దానిది. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇక్కడ లోకల్ రైలెక్కితే చేరిపోయే మద్రాసులో ఇంగ్లీషు బ్యాండ్ల బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. బ్రిటిషు రాజుగారి జాతీయగీతం బాణీకి అమ్మవారి మీద ‘సంతతం పాహిమాం’ రాశారు. ఇవాళ ఒక కుర్రాడు అదే పని చేస్తే మా టీకొట్టు మాస్టారు ఫ్యూజన్ అని ముక్కు విరిచేవారు. దీక్షితులవారిని జానరేమిటని నిలదీసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. వాయిద్యం ఎక్కడిదన్నది మనకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. ఎవరి ఒళ్ళోకి వచ్చిందన్నదే అసలు సంగతి.

దొరలేం తక్కువ తినలేదు. 1987లో లండన్లో కొందరు రికార్డు కంపెనీలవాళ్ళు ఒక పబ్బులో కూర్చుని, ఆఫ్రికా నుంచీ ఆసియా నుంచీ వచ్చే పాటల్ని దుకాణంలో ఏ అరలో పెట్టాలా అని తలలు బద్దలు కొట్టుకుని, చివరికి ‘వరల్డ్ మ్యూజిక్’ అని చీటీ అంటించారు. లోకంలో సగం సంగీతానికి ఒకటే అర! 1989లో గ్రామీ వాళ్ళు హార్డ్ రాక్, మెటల్ కలిపి మొదటిసారి బహుమతి పెట్టారు. మెటాలికాకు ఖాయమని లోకమంతా అనుకుంటే, వేణువు ఊదే జెత్రో టల్ బ్యాండుకు ఇచ్చారు. గగ్గోలు పుట్టింది. మరుసటేడు ఆ వర్గాన్ని రెండు ముక్కలు చేసి, మెటల్ ముక్కను మెటాలికా చేతిలో పెట్టారు. మన దగ్గరైతే వర్గీకరణకు ఒక కమిషన్ వేసేవాళ్ళు, అంతే తేడా.

అంతదూరం ఎందుకు, మా ఊరి నుంచి పులికాట్ సరస్సు దాటితే షార్ రాకెట్టు కేంద్రం. అక్కడినుంచి 2023 జులైలో చంద్రయాన్‌ను మోసుకెళ్ళిన ఎల్‌వీఎం3 రాకెట్టుకు పక్కల ఘన ఇంధనం, నడుమ ద్రవ ఇంధనం, పైన క్రయోజెనిక్. ఇంత సంకరజాతి ఇంకెక్కడుంటుంది! పేరు కూడా ముందు జీఎస్‌ఎల్‌వీ మార్క్ 3, ఆనక ఎల్‌వీఎం3. అయినా మేడలెక్కి చూసిన మా ఊరివాళ్ళలో ఒక్కరు కూడా “ఇది శుద్ధమైన రాకెట్టేనా?” అని అడగలేదు. పైకి పోయిందా లేదా, అదొక్కటే అడిగారు. ఆ పాటి ఇంగితం పాట దగ్గరికొచ్చేసరికి ఏ పులికాట్‌లో మునిగిపోతుందో.

మునగదులెండి. డబ్బు కనిపిస్తే తేలుతుంది. అదే రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాకు చిట్టి పాట పాడాడు. 2022లో ‘డీజే టిల్లు’కు బాణీ కట్టి తానే పాడాడు. ఊరూరా పెళ్ళి ఊరేగింపుల్లో పెద్ద పెట్టెల మీద అదే గొంతు. కీబోర్డు ఆయన కూడా ఆ రెండూ నేర్చుకుని నాలుగు డబ్బులు చేసుకున్నాడు. అప్పుడు ఎవరూ రెగ్గేనా, జానపదమా అని అడగలేదే? సినిమా పాట అన్నారు, ఊరుకున్నారు. మంచి ఆస్తిపరుల సంబంధం కుదిరాక కులం ఊసెత్తరు కదా.

అందుకే ఈ జానర్ చర్చ రసికుల చర్చ అంటే నేను నమ్మను. ఇది అంతస్తుల చర్చ, రేటు చర్చ. ఏ గదిలో కూర్చోబెట్టాలి, ఎంత చేతిలో పెట్టాలి, ముందు ఎవరు నమస్కారం పెట్టాలి, ఇవన్నీ ఆ చీటీని బట్టే ఉంటాయి. శాస్త్రీయమంటే శాలువా. రాక్ అంటే టికెట్టు. ఫ్యూజన్ అంటే టికెట్టు, దానిమీద ఏసీ హాలు. జానపదమంటే సాంస్కృతిక కార్యక్రమం, అంటే మంత్రిగారు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి వాయించేది.

ఆ కిందమెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే చావింటి దగ్గరికి రండి. వాకిట్లో పాతకాగితాలూ తాటాకులూ పోగేసి మంట పెడతారు. పలక అనే డప్పు చర్మాన్ని ఆ సెగకు చూపిస్తూ గుండ్రంగా తిప్పుతారు. వేలితో ఒకసారి తట్టి చూస్తాడు పెద్దాయన. ఇంకా మెత్తగా పలుకుతోందంటే మళ్ళీ సెగ. సరిగ్గా కాగాక కుడిచేతి లావు పుల్ల, ఎడమచేతి సన్న పుల్ల కలిసి మొదలైతే వీధి వీధంతా గుండె అదురుతుంది. శ్మశానం దాకా, ఎండలో, చెప్పుల్లేకుండా ఒక్క దరువు తప్పదు. ఆయన ఊరి చివరి వాడ నుంచి వచ్చాడు. కూలీ, ఒక క్వార్టరు సీసా ఇస్తారు. పేరెవరూ అడగరు. ఆ దరువునే గిటారు పక్కన పెట్టి, మైకులు బిగించి, లైట్లు వేస్తే ఎత్నిక్ పర్కషన్ అని కరపత్రంలో వేసి, టికెట్టు కొని వింటారు. పలకకు జానర్ మారిందన్నమాట. వాయించే ఆయనకు మాత్రం ఏమీ మారలేదు, ఎందుకంటే చాలాసార్లు ఆ స్టేజీ మీద ఉండేది ఆయన కాదు. దీనికి చౌరస్తా వాళ్ళని తిట్టి లాభం లేదు. వాళ్ళు పాడారు, బాగానే పాడారు. తప్పు చీటీలంటించే చేతులది, ఆ చీటీ చూసుకుని పర్సు తీసే చేతులది.

టీకొట్టు త్రయానికీ, సూళ్లూరుపేట చుట్టుపట్ల జనవరిలో పక్షుల పండగకు సభలు పెట్టే పెద్దలకూ నాదొకటే విన్నపం. ఈసారి స్టేజీ కట్టినప్పుడు పలక వాయించేవాళ్ళను మంత్రిగారి ఎదురుకోలుకు కాకుండా కచేరీకి పిలవండి. పోస్టరు మీద వాళ్ళ పేర్లు వేయండి. హైదరాబాదు నుంచి వచ్చే గిటారుకు ఎంతిస్తారో అంతే వాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళు వాయించేది రాకో, రెగ్గేనో, ఫ్యూజనో డబ్బిచ్చాక తీరిగ్గా తేల్చుకుందాం.